పట్టాభి టోనూ గల్లీ ట్రాన్స్‌ఫార్మరూ

సోమవారం పొద్దున కాఫీ గ్లాసు చేతికి అందగానే పట్టాభి ఆ రోజు కార్యక్రమం ప్రకటించాడు.

"ఇవాళ మిడిల్ ఆరున్నర దగ్గర పెడతాను. ట్రెబుల్ నాలుగుకి దించుతాను. ఎకో సగం చేస్తాను. ఇంక రాక ఎక్కడికి పోతుంది?"

"ఏవిటి వచ్చేది?" అంది అతని భార్య నాగేశ్వరి, కందిపప్పులో రాళ్ళు ఏరుతూ.

"టోన్."

"ఉగాది నుంచీ వస్తూనే ఉంది. ఏ ఊరి నుంచి నడిచొస్తోందో పాపం."

పట్టాభి ఇలాంటి మాటలు పట్టించుకోడు. పట్టించుకునే గుణమే ఉంటే ఈ కథ ఉండేది కాదు. అతను చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ లెక్చరర్. తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ వెనక ఒక గల్లీలో ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డాడు. కాలేజీ రోజుల్లో హాస్టల్ గదిలో ఎవరో ఒక ఇంగ్లిష్ రికార్డు వినిపించారు. డెబ్బైల నాటిది. అందులో నడిమధ్య ఒక గిటారు మోగుతుంది. ఆ వేళ పట్టిన జబ్బు అతనికి ఇప్పటికీ వదల్లేదు.

ఆ పాటలో స్వరాలు వాయించడం అతనికి ఎప్పుడో వచ్చేసింది. స్వరాలదేముంది, పట్టుబడితే ఎవరైనా వాయిస్తారు. అతనికి కావలసింది ఆ గిటారు గొంతు. బరువుగా, కాస్త బొంగురుగా, ఏడుపు ఆపుకుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది ఆ గొంతు. దాన్నే వాళ్ళు టోన్ అంటారు. అది రావాలని సికింద్రాబాద్‌లో ఒకప్పుడు హోటళ్ళలో వాయించిన ముసలాయన దగ్గర గిటారు మోతను పెంచి వినిపించే పాత వాల్వుల ఆంప్ కొన్నాడు. బీరువాలో సగం ఉంటుంది. దానికి తోడు కాలితో తొక్కే పెడళ్ళు రెండు, ఒకటి గొంతు చీల్చడానికీ రెండోది ప్రతిధ్వనికీ. ఇక వాటి మీద నాబ్‌లు. ఏ నాబ్ ఎంత తిప్పాలో ఇంటర్నెట్‌లో చెప్పేవాళ్ళకు కొదవ లేదు. అమెరికాలో ఒకడు ఆరంటాడు. స్వీడన్‌లో ఇంకొకడు ఏడంటాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు గాడిదలని తిట్టుకుంటారు. పట్టాభి ఇద్దరినీ నమ్ముతాడు.

ఆ రోజుల్లో అతనికి తీరిక కూడా కావలసినంత దొరికింది. సకల జనుల సమ్మె నడుస్తోంది. కాలేజీలు మూసేశారు, బస్సులు డిపోలు దాటడం లేదు, బొగ్గు గనులు ఆగిపోయి కరెంటుకి ఒక వేళంటూ లేకుండా పోయింది. రాష్ట్రం వస్తుందా రాదా అని ఊరంతా కొట్టుకుంటూ ఉంటే పట్టాభి తలుపు వేసుకుని ట్రెబుల్ నాలుగా నాలుగుంపావా అని కొట్టుకుంటున్నాడు.

వచ్చిన చిక్కు గదితో. ఆ ఇంట్లో ఉన్నవి రెండు పడక గదులు. ఒకదాంట్లో ఆంప్ కాపురం ఉంటోంది. కూతురు సింధూర ఇంటర్ రెండో సంవత్సరం, హాల్లో టీవీ పక్కన కూచుని చదువుకుంటోంది. కిందటి వారం నాగేశ్వరి ఓపిక అయిపోయింది. బాపిరాజు ఇంటికి వచ్చినప్పుడు అతని ఎదుటే తేల్చేసింది.

బాపిరాజు పట్టాభికి కాలేజీ స్నేహితుడు. అతనూ గిటారు మీటుతాడు. పెద్ద అంబర్‌పేట్ అవతల వెంచర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఆంప్ మీద అతనికి మొదటి నుంచీ కన్నుంది. ఒప్పందం ఇదీ: వచ్చే ఆదివారం పది గంటలకు పట్టాభి వాయిస్తాడు. ఆ గొంతు వచ్చిందని బాపిరాజు ఒప్పుకుంటే గది జోలికి ఇంకెవరూ రారు. రాలేదంటే ఆంప్ బాపిరాజు కారెక్కుతుంది, సింధూర మంచం గదిలోకి వెళ్తుంది. ఎవరికి లాభమో వాణ్ణే తీర్పు చెప్పమన్నారని పట్టాభికి తట్టనే లేదు. అతని ధ్యాసంతా మిడిల్ ఆరున్నర మీద ఉంది.

సోమవారం సాయంత్రం ఫ్రిజ్ స్టెబిలైజర్ కాలిపోయింది. నాగేశ్వరి ఒక్క మాటైనా అడక్కుండా ఆంప్‌కి ఉన్న స్టెబిలైజర్ ఊడబీకి ఫ్రిజ్‌కి తగిలించింది. పట్టాభి కాసేపు గంతులేసి, చేసేది లేక ఆంప్ ప్లగ్గు తిన్నగా గోడకే పెట్టి గిటారు మీటాడు.

వచ్చేసింది.

అదే గొంతు. అదే బరువు, అదే బొంగురు. హాస్టల్ గది, ఆ మొదటి సాయంత్రం అన్నీ కళ్ళ ముందుకు వచ్చాయి. పట్టాభికి నిజంగానే ఏడుపొచ్చింది. నాగేశ్వరి గరిటె చేత్తోనే గుమ్మంలోకి వచ్చి నిలబడి, "బావుందండీ," అంది. అతను వెంటనే ప్రతి నాబ్ చుట్టూ టేపు అంటించి గీతలు గీసుకున్నాడు. మిడిల్ ఆరున్నరే ఉంది. స్వీడన్ వాడికి ఆ రాత్రే సందేశం పెట్టి గాడిద నువ్వేనని చెప్పాడు.

మంగళవారం పొద్దున అవే గీతల మీద అదే గిటారు మీటితే రేకుల మీద గులకరాళ్ళు పోసినట్టు మోగింది. సాయంత్రం మళ్ళీ గొంతు వచ్చింది. బుధవారం పొద్దున మళ్ళీ గులకరాళ్ళు. వానగాలి కారణమేమోనని కిటికీలు మూశాడు. తీగలు మార్చాడు. పూజగది వైపు తిప్పి పెట్టాడు. చివరికి సింధూర పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "ట్యూబ్‌లైట్ వెలగనప్పుడే బాగా మోగుతోంది నాన్నా," అంది.

ఏటా నాలుగు వందల మందికి విద్యుత్తు పాఠం చెప్పి ర్యాంకులు తెప్పించే పట్టాభికి అప్పుడు వెలిగింది. అన్నం చాలకపోతే మనిషి గొంతు నీరసించినట్టు, కరెంటు చాలకపోతే వాల్వుల గొంతు బొంగురుపోతుంది. నాబ్‌లకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ గొంతు ఇచ్చింది లో వోల్టేజ్. ఇన్నాళ్ళూ స్టెబిలైజర్ దాన్ని ఆంప్ దాకా రానివ్వలేదు. గల్లీ మొత్తం ఏ లో వోల్టేజ్‌ని నోరారా తిడుతోందో, అదే అతనికి కావాలి. ఆదివారం పొద్దున పది గంటలకు కావాలి.

కరెంటు తగ్గించే పెట్టె కోఠీలో దొరుకుతుంది, కానీ కోఠీ బంద్. అటక మీద పాత కాలపు ఫ్యాన్ రెగ్యులేటర్, ఆ పెద్ద డబ్బా ఉంటే దించి ఆంప్‌కి కలిపాడు. అది కాసేపు వేడెక్కి, పొగ వదిలి, ఇంటి ఫ్యూజు కూడా తీసుకుపోయింది.

"ఆడలేక మద్దెల ఓడన్నారు," అంది నాగేశ్వరి చీకట్లో విసనకర్ర వెతుక్కుంటూ. "మీకు మద్దెల అయిపోయింది, ఇప్పుడు కరెంటు వంతు."

గురువారం పొద్దున పట్టాభి లైన్‌మన్ మట్టయ్యను వెతుక్కుంటూ బయలుదేరాడు. ఏ వేళకు లో వోల్టేజ్ వస్తుందో లైన్‌మన్‌కి కాక ఇంకెవరికి తెలుస్తుంది? వీలైతే ఆదివారం పదింటికి ఒక అరగంట తగ్గించమని బతిమాలుకోవచ్చు. మట్టయ్య ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షా శిబిరంలో ఉన్నాడని తెలిసింది. శిబిరమంటే షామియానా, కింద పరుపులు, వెనక బ్యానరు. రోజుకో జట్టు పొద్దున నుంచి సాయంత్రం దాకా తిండి మాని కూచుంటుంది. మట్టయ్య పరుపు మీద ఉన్నాడు. కూచున్న మనిషితో నిలబడి మాట్లాడడం మర్యాద కాదని పట్టాభి చెప్పులు విడిచి పక్కన కూచున్నాడు. చేసిన తప్పు అదే.

"మట్టయ్యా, మా గల్లీలో లో వోల్టేజ్ సంగతి..."

"నాకెర్కలేదా సారూ? జనం శానా పరేషాన్ అయితున్రు. కిష్టమ్మ గిర్ని బందయింది, పిండి పడ్తలేదు. మోటర్లు కాలుతున్నయ్."

"అది కాదయ్యా. ఆదివారం పదింటికి లో వోల్టేజ్ ఉంటుందా, ఉండదా? నాకు అదీ కావలసింది."

"ఆదివారం దాంక ఎట్ల ఉంటది సారూ? మీరింత దూరం ఒచ్చి అడిగినంక గూడ ఉంటదా?"

పట్టాభి అసలు సంగతి విప్పేలోపల ఎవరో బంతిపూల దండలు పట్టుకుని వరసగా వేసుకుంటూ వచ్చారు. మట్టయ్య మెడలో ఒకటి పడింది, తరువాతది పట్టాభి మెడలో పడింది. ఒక గులాబీ కండువా కూడా భుజం మీదికి వచ్చింది. పట్టాభి నవ్వి, దండ తీసి లేవబోయాడు. మట్టయ్య అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఏంది సారూ, దండ పడ్డంక లేస్తరా? దీక్షల కూసున్నట్టే గద. నిమ్మరసం తాగేదాంక లేవద్దు. నడుమ లేస్తే జనం ఊకుంటరా? మీరు ఆంధ్ర సారు గూడ."

పట్టాభి జనం వైపు చూశాడు. జనం అతని వైపే చూస్తున్నారు. మళ్ళీ కూచున్నాడు. ఇంట్లో ఒక గ్లాసు కాఫీ తప్ప ఏమీ తాగలేదు. టిఫిన్ ఇంటికి తిరిగి వెళ్ళాక తిందామనుకున్నాడు, పెసరట్టు. ఎవరో మైకు అందుకుని, "పుట్టింది ఆంధ్రల అయినా మన గల్లీ బాధ తన బాధ అనుకొని, లో వోల్టేజ్ మీద కడుపు మాడ్చుకుంటున్న లెక్చరర్ సారుకు జై" అన్నారు. జై అన్నారందరూ. మధ్యాహ్నానికి పత్రిక ఫొటోగ్రాఫర్ వచ్చాడు. ఆకలికి పట్టాభి కళ్ళు లోపలికి పోయి, మొహంలో ఎక్కడ లేని పట్టుదలా వచ్చింది. ఫొటో బ్రహ్మాండంగా పడింది. సాయంత్రం గిర్ని కిష్టమ్మ తన చేత్తో నిమ్మరసం పట్టించి, "నీ కడుపు సల్లగుండ సారూ," అని కళ్ళొత్తుకుంది. ఆ గిర్ని ఆగిపోయిన నాటి నుంచి ఆమె ఇల్లు గడవడం కష్టంగా ఉంది. ఆమెతో ఏమని చెప్పాలి? గ్లాసు ఖాళీ చేసి ఇంటికి వచ్చాడు.

శుక్రవారం ఫొటో జిల్లా పేజీలో వచ్చింది. "లో వోల్టేజ్‌పై లెక్చరర్ దీక్ష." నాగేశ్వరి ఆ పేపరు నాలుగు చేతులు మారి నలిగేదాకా తిప్పింది.

"ఎప్పుడనుకున్నారండీ ఇదంతా? నాతో ఒక్క మాటైనా అన్నారా? విజయవాడలో మా అక్కకి ఫోన్‌లో చదివి వినిపిస్తే, మీ ఆయన ఇంత మనిషనుకోలేదే అంది."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాగేశ్వరి అతని వైపు అలా చూడడం అదే మొదలు. పట్టాభి నోరు తెరిచి, ఆ చూపు ఇంకొంచెం సేపు ఉంటే బావుండునని మూసేశాడు. "మరి ఆ ఆదివారం సంగతి?" అన్నాడు ఆశగా.

"అది అదే, ఇది ఇదే," అంది ఆమె.

మధ్యాహ్నం కాలనీ అసోసియేషన్ అధ్యక్షుడు రామస్వామి వచ్చాడు. అధ్యక్షుడైన తరువాత ఆయన చేసిన పని ఒకటే, గల్లీ మొదట్లో తన పేరుతో బోర్డు పెట్టించుకోవడం. "మీటింగులో నేనే అన్నానండీ, పట్టాభి గారిని పంపిస్తే పనవుతుందని," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. అలాంటి మీటింగు జరగనే లేదు. అయినా ఎవరూ కాదనలేదు, ఎందుకంటే అందరూ ఆ మీటింగులో తామూ ఉన్నామని అప్పటికే చెప్పుకున్నారు.

శనివారం మట్టయ్య మొహం వెలిగిపోతూ వచ్చాడు. మెయిన్ రోడ్డు మీద కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి నెలల తరబడి పనీపాటా లేకుండా నిలబడి ఉంది. దానికి ఏ లోపమూ లేదు. కొబ్బరికాయ కొట్టే నాయకుడు దొరకలేదు, అంతే. మొదట తీరిక లేదన్నారు. సమ్మె వచ్చాక రాజీనామా చేసినవాళ్ళు ఏ హోదాలో రావాలన్నారు, చెయ్యనివాళ్ళు గల్లీలో అడుగు పెట్టడానికే భయపడ్డారు. కొబ్బరికాయ కోసం గల్లీ అంతా చీకట్లో ఉంది.

"సమ్మెల ఉన్నా గూడ మీ కోసం చేస్తున్న సారూ. రేపు మీ గల్లీ లైను గా కొత్తదానికి కలుపుత. లీడర్లు గీడర్లు ఒద్దు. టెంకాయ మీరే కొట్టుండ్రి."

పట్టాభి వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టుకున్నాడు. "రేపా? సాయంత్రం పెట్టుకుందాం. అయిదింటికి."

"ఆదివారం సాయంత్రం రాహుకాలమండీ," అన్నాడు రామస్వామి. "పొద్దున తొమ్మిదిన్నరకు దివ్యంగా ఉంది."

"పోనీ సోమవారం?"

"చూశారా, ఎంత వినయమో!" అన్నాడు రామస్వామి అందరి వైపూ తిరిగి. "కాయ కొట్టమంటే సిగ్గుపడుతున్నారు."

ఆదివారం తొమ్మిదిన్నరకు గల్లీ అంతా మెయిన్ రోడ్డు మీద ఉంది. డప్పులు తెచ్చారు. ట్రాన్స్‌ఫార్మర్‌కి పసుపూ కుంకుమా పెట్టి దండ వేశారు. పట్టాభి కాయ నేలకేసి కొట్టాడు. పగల్లేదు. అతని మొహంలో ఒక్క క్షణం ఆశ కనిపించింది. "గట్టిగ కొట్టుండ్రి సారూ, రాత్రి సరిగ తినలేదా?" అని ఎవరో అన్నారు. రెండోసారికి రెండు చెక్కలైంది. పైనుంచి మట్టయ్య మీట వేశాడు. పట్టపగలు గల్లీలో వీధి దీపాలన్నీ భగ్గున వెలిగాయి. కిష్టమ్మ గిర్ని పెద్దగా రొద పెడుతూ తిరగడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళు ఇళ్ళలోకి పరిగెత్తి మోటార్లు వేశారు. జనం పట్టాభిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. సరిగ్గా అప్పుడే బాపిరాజు కారు దిగాడు.

"ఒరేయ్, నీలో ఇంత ఉందని నాకు తెలీదురా," అన్నాడు మనస్ఫూర్తిగా.

పది గంటలకు పట్టాభి గిటారు అందుకున్నాడు. గీతలన్నీ గీతల మీదే ఉన్నాయి. మీటాడు. గులకరాళ్ళు. ఆపి, స్నానాలగదిలోకి పరిగెత్తి గీజరు వేశాడు. ఇస్త్రీ పెట్టె, మిక్సీ, గ్రైండరు, ఇంట్లో మీట ఉన్నవన్నీ వేశాడు. వోల్టేజ్ వెంట్రుకవాసి తగ్గలేదు. ప్రభుత్వం పెట్టిన వస్తువు చెప్పినట్టు పనిచేయడం ఎక్కడైనా ఉందా? ఈ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం పట్టాభి మీద పగపట్టినట్టు పనిచేసింది. మళ్ళీ మీటాడు. ఇంకా గట్టి గులకరాళ్ళు.

"ఖాళీ మిక్సీ ఎందుకు తిరుగుతోందండీ?" అంది నాగేశ్వరి.

బాపిరాజు కళ్ళు మూసుకుని, న్యాయంగా, నిదానంగా చివరిదాకా విన్నాడు. "వేళ్ళు బావున్నాయిరా," అన్నాడు. "గొంతు లేదు."

"ఉంది," అన్నాడు పట్టాభి. "ఉందిరా. సోమవారం వచ్చింది. నాగేశ్వరి కూడా విన్నది. ఎందుకు వచ్చిందంటే..."

అప్పుడే గుమ్మంలో కిష్టమ్మ కనిపించింది. కొత్తగా విసిరిన పిండి డబ్బా చేతిలో ఉంది, మొహం మీద కూడా పిండే. వెనక రామస్వామి, మట్టయ్య, సగం గల్లీ. "సారు పుణ్యాన మొదటి పిండి. మీ ఇంటికే తెచ్చిన," అందామె.

పట్టాభి ఆమెను చూశాడు, ఆంప్‌ని చూశాడు. ఒక్క మాట చెబితే ఆంప్ మిగులుతుంది. ఆ మాట లో వోల్టేజ్. అది ఈ గుమ్మంలో అంటే తను మిగలడు.

"ఎందుకొచ్చిందంటే?" అన్నాడు బాపిరాజు.

"ఏం లేదు," అన్నాడు పట్టాభి. "తీసుకుపో."

ఆంప్ కారులోకి ఎక్కించడానికి దీక్షలో కూచున్నవాళ్ళే ఉత్సాహంగా సాయం పట్టారు. సార్ ఏదో త్యాగం చేస్తున్నాడనుకున్నారు. మధ్యాహ్నానికి సింధూర మంచం గదిలోకి వెళ్ళింది. ఆంప్ ఉన్న చోట గచ్చు మీద నలుచదరంగా మచ్చ మిగిలింది. పట్టాభి అన్నం సరిగా తినలేదు. దీక్ష ఇంకా నడుస్తోందని పక్కింటివాళ్ళు చెప్పుకున్నారు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఫోన్ మోగింది. బాపిరాజు అరుస్తున్నాడు.

"వచ్చేసిందిరా! నీ నాబ్‌లు ఒక్కటి కూడా ముట్టుకోలేదు. ప్లగ్గు పెట్టాను, మీటాను, అంతే. అచ్చం ఆ రికార్డే. నేను ముందు నుంచీ చెప్తూనే ఉన్నాను, టోనంటే వేళ్ళలో ఉంటుందిరా, డబ్బాలో ఏముంది? ఇదిగో, విను."

ఫోన్‌లోంచి ఆ గొంతు వచ్చింది. బరువుగా, బొంగురుగా, ఏడుపు ఆపుకుంటూ. పట్టాభి గోడకు ఆనుకుని చివరిదాకా విన్నాడు. అతని గొంతు కూడా బొంగురుపోయింది.

"మీ ఇంట్లో కరెంటు ఎలా ఉందిరా?" అన్నాడు.

"అదే చెప్పబోతున్నా. మహా దరిద్రం. లైను చివర కదా, ఇల్లు కట్టిన నాటి నుంచీ ఇంతే. చీకటి పడితే బల్బు కొడిగట్టేస్తుంది, బోరు మోటారు తిరగదు. మా ఆవిడ రోజూ తిడుతుంది. సమ్మెలో కూడా నీ మాటకి పని జరిగిందిగా. మా వెంచర్‌కి కూడా కాస్త..."

"ఎంత మాట!" అన్నాడు పట్టాభి. వారం నుంచీ మొదటిసారి అతని మొహంలోకి నవ్వు వచ్చింది. "నువ్వు ఇంత అవస్థ పడుతుంటే నేను చూస్తూ ఊరుకుంటానా?"

సోమవారం పొద్దున కాకులు లేవకముందే పట్టాభి మట్టయ్యను స్కూటర్ వెనక ఎక్కించుకున్నాడు. అటువైపు లైన్లు చూసేది మట్టయ్య బావమరిదేనట. నాగేశ్వరి కళ్ళు నులుముకుంటూ వచ్చి ఎక్కడికండీ అని అడిగింది.

"పెద్ద అంబర్‌పేట్. బాపిరాజు ఇంట్లో లో వోల్టేజట, పాపం," అని పట్టాభి స్కూటర్ కదిలించాడు.

సాటి మనిషి కష్టం తీర్చడానికి అతను నిద్ర మానుకుని, మనస్ఫూర్తిగా, ఒకరు అడిగీ అడక్కముందే బయలుదేరడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.